కొండ మీది గోల్ఫ్ కోర్సుకు హైదరాబాద్ నుంచి ట్రిప్ వేసుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో గోల్ఫ్ ఆడేవాళ్లకు కోర్సుల కరువు లేదు. గోల్కొండలో నయా ఖిలా గోడల పక్కన ఆడొచ్చు, గచ్చిబౌలిలో బండరాళ్ల మధ్య ఆడొచ్చు. అయినా నాలుగైదేళ్లు ఆడాక ఎవరికైనా ఒక కోరిక పుడుతుంది. ఎక్కడో కొండ మీద, ఊరికి దూరంగా, చుట్టూ అడవో కాఫీ తోటో ఉన్న కోర్సులో పొద్దున్నే మంచులో టీ ఆఫ్ చేయాలని, అంటే తొలి షాట్ కొట్టాలని. ఆ కోరిక తీర్చుకోవాలి. కాకపోతే సిటీలో ఆదివారం ఆటకు వెళ్లినట్టు బయల్దేరితే మాత్రం ఇబ్బంది పడతారు.

తేడా ఎక్కడుందంటే, ఇక్కడ గ్లవ్ మర్చిపోతే ప్రో షాపులో కొనుక్కుంటాం. కేడీ (కిట్ మోస్తూ సలహా చెప్పే సహాయకుడు) రాకపోతే ఇంకొకర్ని పంపిస్తారు. వాన పడితే ఇంటికెళ్లి మరుసటి వారం ఆడతాం. దూరపు కోర్సులో ఈ మూడింటికీ దారి ఉండదు. అక్కడ ఉన్నది ఉన్నట్టు దొరుకుతుంది, మిగిలినదంతా మనం మోసుకెళ్లాలి, లేదా ముందే మాట్లాడి పెట్టుకోవాలి. కింద రాసినదంతా మా నలుగురి బ్యాచ్ కొన్నేళ్లుగా తిరిగి నేర్చుకున్నది. ఉదాహరణకు కొడైకెనాల్ తీసుకున్నాను. పద్ధతి మాత్రం ఏ కోర్సుకైనా పనికొస్తుంది.

ముందు ఎలాంటి కోర్సో తేల్చుకోండి

మన దేశంలో ఊరవతల కోర్సులు ముఖ్యంగా మూడు రకాలు. మొదటివి హిల్ స్టేషన్ క్లబ్బులు. కొడైకెనాల్ గోల్ఫ్ క్లబ్ 1895లో మొదలైంది. ఊటీ, మున్నార్‌లోని హై రేంజ్ క్లబ్, షిల్లాంగ్, సిమ్లా దగ్గరి నాల్దేహ్రా ఈ కోవలోకే వస్తాయి. రెండోవి తోటల ప్రాంతాల కోర్సులు: కూర్గ్, చిక్కమగళూరు, ఇంకా పైకి వెళ్తే అస్సాం. మూడోవి రాణీఖేత్ లాంటి ఆర్మీ కోర్సులు.

తొలిసారి వెళ్లేవాళ్లకు నా సలహా దక్షిణాదిలోనే ఒకటి ఎంచుకోమని. గుల్మార్గ్ గొప్ప కోర్సే, సముద్రమట్టానికి 2,600 మీటర్ల పైన ఉంటుంది. కానీ చలికాలమంతా మంచు కింద ఉంటుంది, పైగా హైదరాబాద్ నుంచి రానూ పోనూ రెండు రోజులు ప్రయాణానికే పోతాయి. మొదటి ట్రిప్‌కు అంత దూరం వద్దు.

రెండు విషయాలు మాత్రం ముందే కనుక్కోండి. ఒకటి, ఎన్ని హోల్స్ (బంతిని వేయాల్సిన గుంటలు)? మున్నార్, నాల్దేహ్రా, రాణీఖేత్‌లలో తొమ్మిదే. అదే తొమ్మిదిని రెండుసార్లు చుట్టాలి. అది లోటేమీ కాదు. రెండో రౌండుకు గ్రీన్ల (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) వాలు మీకు తెలిసిపోయి ఉంటుంది కాబట్టి ఆట ఇంకా బాగుంటుంది. రెండు, గ్రీన్లా, బ్రౌన్లా? నీళ్లు తక్కువగా ఉండే చిన్న ఊళ్ల కోర్సుల్లో గడ్డికి బదులు ఇసుకలో నూనె కలిపి, రోలర్‌తో చదును చేసి పుటింగ్ చేసే, అంటే బంతిని గుంటలోకి దొర్లించే చోటు తయారు చేస్తారు. దాన్నే బ్రౌన్ అంటారు. అక్కడ బంతి గడ్డి మీద తిరిగినట్టు తిరగదు, దాదాపు నేరుగా పోతుంది. బంతిని ఎత్తి మధ్యలో పడేయకుండా ముందే దించి దొర్లిస్తే మంచి ఫలితం వస్తుంది. బ్రౌన్ మీద ఎప్పుడూ ఆడనివాళ్లకు మొదటి మూడు హోల్స్ అయోమయంగానే ఉంటాయి, కంగారు పడొద్దు.

టికెట్ కంటే ముందు ఫోన్

ఈ మొత్తంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోమంటే ఇదే చెప్తాను. విమానం టికెట్ కొనే ముందు కోర్సుకు ఫోన్ చేయండి. వెబ్‌సైట్ చూసి సరిపెట్టుకోవద్దు, మెయిల్ పెట్టి జవాబు కోసం కూర్చోవద్దు. పొద్దున పది తర్వాత ఆఫీసుకు ఫోన్ చేసి మనిషితో మాట్లాడండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఓసారి మేం టికెట్లు ముందు కొన్నాం. చవగ్గా వచ్చాయని మా బావ రాత్రికి రాత్రే బుక్ చేశాడు. తీరా వెళ్లాక తెలిసింది, మేం ఉన్న మూడు రోజుల్లో రెండు రోజులు అక్కడ మెంబర్ల టోర్నమెంట్. గేటు దగ్గర కిట్లు దించుకుని నిలబడ్డాం. ఆఫీసులో పెద్దాయన మర్యాదగానే చెప్పారు, కానీ ఆయన మాత్రం ఏం చేస్తారు? ఒక్క ఫోన్ చేసి ఉంటే వారం వెనక్కి జరుపుకునేవాళ్లం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది.

ఫోన్‌లో అడగాల్సినవి ఇవి. కాగితం మీద రాసుకుని అడగండి, లేకపోతే సగం మర్చిపోతారు.

- మేం అనుకుంటున్న తేదీల్లో టోర్నమెంట్ ఉందా? కోర్సుకు వారపు సెలవు ఏ రోజు? చాలా క్లబ్బులు సోమవారం మూసేస్తాయి.
- బయటివాళ్లను ఆడనిస్తారా? మెంబరెవరైనా వెంట ఉండాలా, మా క్లబ్ నుంచి లెటర్ తెస్తే చాలా?
- హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) సర్టిఫికెట్ అడుగుతారా?
- గ్రీన్లకు రంధ్రాలు పొడిచి ఇసుక పోసే పని ఆ వారంలో ఏమైనా పెట్టుకున్నారా?
- నలుగురికి నలుగురు కేడీలు దొరుకుతారా? ట్రాలీ ఉందా, కార్ట్ (కూర్చుని తిరిగే చిన్న బండి) ఉందా, అసలు ఆ కొండల్లో కార్ట్ తిరుగుతుందా?
- డబ్బు ఎలా కట్టాలి?

గ్రీన్ల ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ దాన్ని వదలొద్దు. గ్రీన్‌కు గాలి ఆడాలని వేలెడంత రంధ్రాలు పొడిచి ఇసుక నింపుతారు. గడ్డి మళ్లీ కమ్ముకునేదాకా ఓ రెండు మూడు వారాలు పుట్ గెంతుతూ పోతుంది. అంత దూరం వెళ్లి అలాంటి గ్రీన్ల మీద ఆడాల్సి వస్తే మనసు చివుక్కుమంటుంది.

మీ క్లబ్ సెక్రటరీ ఆఫీసులో కూడా ఓ మాట అడగండి. ఏ క్లబ్బుతో అఫిలియేషన్ ఉందో వాళ్ల దగ్గర లిస్టు ఉంటుంది. ఉంటే పరిచయ లేఖ ఇస్తారు, ఒక్కోసారి క్లబ్ గదులు కూడా దొరుకుతాయి. ఆ గదులు పాతవైనా కోర్సు పక్కనే ఉంటాయి. నేనైతే స్టార్ హోటల్ కంటే వాటికే ఓటేస్తాను. ఆర్మీ కోర్సైతే సివిలియన్లకు అనుమతి ఉందో లేదో, ఏ గుర్తింపు కార్డు తేవాలో ముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి. అక్కడ గేటు దగ్గర బతిమాలుకుంటే పని జరగదు.

తేదీలు: మన సెలవులు కాదు, అక్కడి వాతావరణం చూడండి

మనకు వాన అంటే జూన్ నుంచి సెప్టెంబర్. కొడైకెనాల్‌లో లెక్క వేరు. అక్కడ ఈశాన్య రుతుపవనాల వాన గట్టిది, అక్టోబర్, నవంబర్‌లలో కురుస్తుంది. దసరా సెలవులు కలిసొచ్చాయి కదా అని టికెట్ కొంటే గది కిటికీలోంచి కోర్సు చూస్తూ కూర్చోవాలి. కూర్గ్, చిక్కమగళూరులకు ఇది తిరగబడుతుంది. అక్కడ జూన్, జులై, ఆగస్టుల్లో కుండపోత.

కొడైకి జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. చలి ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది, జనం తక్కువ. ఏప్రిల్, మేలలో మన ఎండలకు తట్టుకోలేక అందరూ కొండెక్కుతారు. గది ధరలు పెరుగుతాయి, ఘాట్ రోడ్డు మీద గంటల తరబడి ట్రాఫిక్. పైగా వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములతో వాన రావొచ్చు. ఉరుము వినబడితే ఆట ఆపేసి క్లబ్‌హౌస్‌కు వచ్చేయాలి. చెట్టు కింద నిలబడొద్దు, చేతిలో గొడుగు తెరవొద్దు.

రోజుల లెక్క ఇలా వేసుకోండి: వెళ్లే రోజు ఆట లేదు. రెండో రోజు 18 హోల్స్. మూడో రోజు పొద్దున తొమ్మిది మాత్రమే, మధ్యాహ్నం విశ్రాంతి. నాలుగో రోజు 18. ఐదో రోజు తిరుగు ప్రయాణం. మూడు రోజులూ 18 ఆడేస్తామని ఉత్సాహంగా బయల్దేరినవాళ్లు మూడో రోజు మోకాళ్లు పట్టుకుని కూర్చోవడం చూశాను. ఒక పూట ఖాళీ ఉంటే వాన పడినా ఆ పూటను వాడుకోవచ్చు.

టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే వేళ, పొద్దున ఏడు, ఏడున్నరకు తీసుకోండి. కొండల్లో మధ్యాహ్నం దాటాక మబ్బు దిగితే ఫెయిర్‌వే (గ్రీన్ దాకా సాగే గడ్డి దారి) మధ్యలో నిలబడిన మనిషి కూడా కనబడడు. పొద్దున కూడా ఒక్కోసారి మంచు కమ్ముకునే ఉంటుంది, కానీ అది ఎండ ఎక్కేకొద్దీ విడిపోయే మంచు. సాయంత్రం వచ్చింది విడిపోదు.

దారి

హైదరాబాద్ నుంచి కారులో కొడై అంటే వెయ్యి కిలోమీటర్ల పైమాటే. బెంగళూరులో ఓ రాత్రి ఆగి వెళ్లేవాళ్లు ఉన్నారు. నాకైతే గోల్ఫ్ ట్రిప్‌కు అది నచ్చదు, నడుం పట్టేసిన మనిషి స్వింగ్ ఏం చేస్తాడు? శంషాబాద్ నుంచి మదురైకి విమానంలో వెళ్లి, అక్కడి నుంచి టాక్సీలో కొండెక్కడం మేలు. మదురై నుంచి దాదాపు 120 కిలోమీటర్లు, నాలుగు గంటలు వేసుకోండి. రైలైతే కొడై రోడ్ స్టేషన్‌లో దిగాలి. పేరు చూసి పక్కనే అనుకోవద్దు, అక్కడి నుంచి ఇంకో 80 కిలోమీటర్లు ఉంటుంది.

టాక్సీ విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నలుగురే కదా అని ఇన్నోవా ఒకటి మాట్లాడతారు. నలుగురు మనుషులు, నాలుగు గోల్ఫ్ కిట్లు, నాలుగు సూట్‌కేసులు మామూలుగా పట్టవు. వెనక వరుస సీట్లు పూర్తిగా మడిస్తే కిట్లను అడ్డంగా ఒకదాని మీద ఒకటి పెట్టొచ్చు, అప్పుడు బట్టలకు సూట్‌కేసులు కాకుండా మెత్తటి బ్యాగులు ఉండాలి. వాటిని సందుల్లో దూర్చవచ్చు. పైన క్యారియర్ ఉంటే టార్పాలిన్ ఉందో లేదో అడగండి. డ్రైవర్‌కు "సామాను ఎక్కువుంది" అని చెప్తే సరిపోదు, ఒక్కో కిట్ నాలుగడుగుల పైన పొడవుంటుందని చెప్పి ఫొటో పంపండి.

కొడైకెనాల్, ఊటీలకు వచ్చే బండ్లకు 2024 మే 7 నుంచి ఈ-పాస్ తప్పనిసరి చేశారు, మద్రాస్ హైకోర్టు ఆదేశం మీద. బండి నంబర్ కావాలి కాబట్టి టాక్సీ ఖాయమైన రోజే డ్రైవర్‌ను అడిగి పాస్ తీసుకోండి, లేదా ఆయన్నే తీయమనండి. ప్రింట్ ఒకటి దగ్గర పెట్టుకోండి. అలాగే అక్కడ ప్లాస్టిక్ మీద గట్టి ఆంక్షలున్నాయి, నీళ్ల సీసాలు తీసుకెళ్తే చెక్‌పోస్టులో ఆపుతారు. మనిషికో స్టీల్ బాటిల్ పెట్టుకుంటే గొడవే లేదు.

ఘాట్ రోడ్డు మొదలయ్యాక కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ముందు సీట్లో కూర్చోండి, మాత్ర అరగంట ముందే వేసుకోండి. చీకటి పడేలోపు పైకి చేరేలా విమానం టైమ్ చూసుకోండి. రాత్రి మంచులో ఆ మలుపులు డ్రైవర్‌కూ టెన్షనే, మనకూ టెన్షనే.

కిట్ సర్దడం

దీనికి ఓ సాయంత్రం కేటాయించండి. హడావుడిగా సర్దితే డ్రైవర్ విరుగుతుంది. నేనన్నది గోల్ఫ్ డ్రైవర్, అంటే బంతిని దూరం కొట్టే పొడవాటి కర్ర గురించి.

దేశీయ విమానాల్లో చాలావాటికి చెక్-ఇన్ 15 కిలోలే. గోల్ఫ్ కర్రలను, అంటే క్లబ్బులను, క్యాబిన్‌లోకి తీసుకెళ్లనివ్వరు, కాబట్టి చెక్-ఇన్ చేయక తప్పదు. పెద్ద కార్ట్ బ్యాగ్ అయితే ఖాళీదే ఐదు కిలోలుంటుంది. దాన్ని ఇంట్లో వదిలేసి, రెండు కాళ్ల స్టాండ్ బ్యాగ్ తీసుకోండి. అలా చేస్తే రెండు మూడు కిలోలు కలిసొస్తాయి. ఇంకో మాట, కొండల్లో మీ కేడీ ఆ బ్యాగ్‌ను భుజాన వేసుకుని నాలుగు గంటలు ఎక్కి దిగాలి. బరువు తగ్గించడం ఆయన మీద చూపించే మర్యాద.

నిబంధనల ప్రకారం 14 క్లబ్బులకు మించకూడదు. 14 తేవాలని మాత్రం ఎక్కడా లేదు. నేను 11 తీసుకెళ్తాను. త్రీ వుడ్, ఒక పొడవాటి ఐరన్, ఒక వెడ్జ్ ఇంట్లో ఉంటాయి. ఇరుకైన ఫెయిర్‌వేలలో త్రీ వుడ్ కంటే హైబ్రిడ్ నన్ను ఎక్కువసార్లు ఆదుకుంది.

సర్దే పద్ధతి ఇది. డ్రైవర్, హైబ్రిడ్‌ల తలలను విప్పే వీలుంటే విప్పి, సాక్సుల్లో చుట్టి, బట్టల బ్యాగులో పెట్టండి. విప్పలేని వాటిని కవర్ తొడిగి మధ్యలో ఉంచి, చుట్టూ ఐరన్లు పెట్టండి. అన్నింటి కంటే పొడవుగా, డ్రైవర్ తల కంటే నాలుగంగుళాలు పైకి వచ్చేలా ఒక గట్టి కర్ర నిలబెట్టండి. అమ్మే స్టిఫ్ ఆర్మ్‌లు ఉన్నాయి, లేదంటే ఇంట్లో పాత మాప్ కర్ర కోసుకున్నా సరిపోతుంది. బ్యాగ్ తలకిందులుగా పడితే దెబ్బ ముందు కర్రకు తగులుతుంది, క్లబ్బుకు కాదు. తలల చుట్టూ తువ్వాళ్లు, స్వెటర్ కుక్కండి. ఆపైన పెద్ద తువ్వాలు ఒకటి అన్నింటినీ కలిపి గట్టిగా చుట్టి, ట్రావెల్ కవర్ జిప్ వేయండి. బ్యాగ్‌ను ఎత్తి కాస్త ఊపి చూడండి, లోపల లోహం గలగలమంటే మళ్లీ సర్దాలి.

రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం), పవర్ బ్యాంక్ చేతి బ్యాగులో ఉండాలి. పవర్ బ్యాంకులను చెక్-ఇన్‌లో అసలు ఒప్పుకోరు. విమానం చిన్నదైతే గోల్ఫ్ కిట్లున్నాయని బుకింగ్ అయ్యాక ఫోన్ చేసి చెప్పండి, అదనపు ఛార్జీ ఎంతో కూడా అప్పుడే అడగండి.

మిగతావి: మనిషికి కనీసం డజను బంతులు. లోయలోకి వెళ్లింది తిరిగి రాదు, అక్కడ కొత్త బంతి కొనే షాపు ఉంటుందన్న నమ్మకం లేదు. మంచులో గ్లవ్ తడిసిపోతుంది కాబట్టి మూడు గ్లవ్‌లు, విడిగా జిప్ కవర్లో. వాన కోటు. బూట్ల స్పైక్స్ అరిగిపోయి ఉంటే ఇక్కడే మార్చుకోండి, తడి వాలు మీద అరిగిన స్పైక్స్‌తో జారితే చీలమండ పోతుంది. లావుపాటి జాకెట్ ఒకటి కంటే పల్చటి స్వెటర్లు రెండు మేలు, భుజం స్వేచ్ఛగా తిరుగుతుంది.

వెళ్లే ముందు మూడు వారాలు

కొండ కోర్సు అంటే 18 హోల్స్‌కు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్ల నడక, అదీ ఎక్కుతూ దిగుతూ. రోజూ కార్ట్‌లో తిరిగే అలవాటు ఉంటే మూడు వారాలు ముందే మానేయండి. గోల్కొండ కోట మెట్లు బాలా హిస్సార్ దాకా వారానికి రెండుసార్లు ఎక్కి దిగండి. దిగడమే ముఖ్యం, మోకాళ్లు మొరాయించేది దిగేటప్పుడే.

డ్రైవింగ్ రేంజ్‌లో చాప మీద కొట్టే షాట్ అక్కడ పనికిరాదు, ఎందుకంటే కాళ్ల కింద నేల ఎప్పుడూ సమంగా ఉండదు. కుడిచేతి వాటం వాళ్లకు బంతి పాదాల కంటే ఎత్తులో ఉంటే ఎడమకు పోతుంది, పల్లంలో ఉంటే కుడికి పోతుంది. ఎగువకు కొట్టేటప్పుడు బంతి పైకి లేచి దూరం తగ్గుతుంది, కాబట్టి ఒక క్లబ్ పెంచండి, అంటే ఇంకాస్త దూరం కొట్టేది తీసుకోండి. దిగువకు కొట్టేటప్పుడు భుజాలను వాలుతో సమాంతరంగా పెట్టి, సగం స్వింగ్‌తో కొట్టండి. ప్రాక్టీసుకు కోర్సులో మిట్టలున్న చోటు వెతుక్కుని ఈ నాలుగూ కొట్టి చూడండి.

దూరం లెక్క కూడా మారుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి బంతి ఎక్కువ దూరం పోతుంది. వెయ్యి అడుగులకు సుమారు 1.2 శాతం అని లెక్క. హైదరాబాద్ దాదాపు 1,800 అడుగుల ఎత్తులో ఉంది, కొడై 7,000 దగ్గర. తేడా 5,200 అడుగులు, అంటే ఆరు శాతం. ఇక్కడ సెవెన్ ఐరన్‌తో 150 గజాలు కొట్టేవాళ్లు అక్కడ 159 దాకా కొడతారు. తెల్లవారి చలి అందులో కొంత తినేస్తుంది. అందుకే మొదటి రోజు మొదటి ఐదు హోల్స్ స్కోరు గురించి ఆలోచించకుండా, ప్రతి షాట్ ఎక్కడ పడిందో చిన్న పుస్తకంలో రాసుకోండి. ఆరో హోల్ నుంచి ఆ పుస్తకమే దారి చూపిస్తుంది.

హ్యాండిక్యాప్‌కూ చిన్న లెక్కుంది. మీ ఇండెక్స్‌ను (మీ స్థాయి అంకె) ఆ కోర్సు స్లోప్‌తో (మామూలు ఆటగాళ్లకు కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) గుణించి 113తో భాగించాలి, దానికి కోర్స్ రేటింగ్ (మేటి ఆటగాడికి పట్టే స్ట్రోకుల అంచనా) లోంచి పార్ (కోర్సుకు నిర్ణయించిన స్ట్రోకులు) తీసేస్తే వచ్చే తేడా కలపాలి. ఇండెక్స్ 18, స్లోప్ 125, రేటింగ్ పార్ ఒకటే అయితే 19.9 వస్తుంది, అంటే 20 స్ట్రోకులు. బ్యాచ్‌లో పందెం కాసుకునేవాళ్లు ఈ లెక్క విమానంలోనే తేల్చుకుంటే ఆట మొదలుపెట్టే చోట వాదన ఉండదు.

కోర్సు మీద

కేడీ మాట వినండి. మీరు ఎన్నేళ్లు ఆడినా ఆ గ్రీన్లు ఆయనకు తెలిసినట్టు మీకు తెలియవు. కొడైలో నాకు దొరికిన పెద్దాయన తమిళంలోనే మాట్లాడేవారు. నాలుగో గ్రీన్ మీద ఆరడుగుల పుట్. నా కంటికి అది కుడికి వాలి ఉంది, సందేహమే లేదు. ఆయన వంగి, జెండా కర్ర కొనతో కప్పుకు కుడి పక్కన చిన్న చుక్క చూపించి, లోయ వైపు చెయ్యి తిప్పి "పళ్ళం" అన్నారు. మన పల్లమే. అంటే బంతి ఎడమకు తిరుగుతుందని. నమ్మబుద్ధి కాలేదు కానీ ఆయన చూపిన చోటికే కొట్టాను. సగం దూరం నేరుగా పోయి, చివరి రెండడుగుల్లో మెల్లగా ఎడమకు ఒరిగి లోపల పడింది. చుట్టూ కొండలున్న చోట మన కన్ను మోసపోతుంది, గ్రీన్ మాత్రం నీళ్లు పారే వైపే వాలుతుంది. ఆ రోజు నుంచి గ్రీన్ ఎక్కగానే నేను మొదట వెతికేది లోయ ఎటుందని.

భాష రాకపోతే మూడు నాలుగు మాటలు నేర్చుకుంటే చాలు. మేడు అంటే మిట్ట, మెదువా అంటే మెల్లగా. వయసులో పెద్దవాళ్లను అన్నా, అయ్యా అనండి. తొమ్మిదో హోల్ తర్వాత టీ తాగితే ఆయనకూ చెప్పండి. ఫీజు ఎంతో ఆఫీసులో అడగండి, టిప్ విడిగా చేతికివ్వండి, చిల్లర నోట్లు హైదరాబాద్ నుంచే తెచ్చుకోండి. సిగ్నల్ లేనిచోట ఫోన్ పే పనిచేయదు.

మూలమలుపు హోల్స్‌లో బంతి ఎక్కడ పడిందో కనబడదు. ఒక కేడీని ముందుకు పంపితే చూసి పెడతారు. కోల్‌కతా కోర్సుల్లో ఇలా ముందు నిలబడేవాళ్లను ఆగేవాలా అంటారు. 2019 నుంచి బంతి వెతకడానికి మూడు నిమిషాలే. అందుకే అనుమానంగా ఉన్న ప్రతిసారీ ప్రొవిజనల్ బంతి (మొదటిది దొరక్కపోతే ఆడుకునే ఇంకో బంతి) కొట్టి బయల్దేరండి, కొండెక్కి వెనక్కి రావడం తప్పుతుంది.

జంతువుల గురించి. కొడై కోర్సులోకి అడవిదున్నలు మేతకు వస్తాయి. చూడ్డానికి గేదెల్లా నెమ్మదిగా కనిపిస్తాయి, కానీ కదిలితే వేగం మామూలుగా ఉండదు. ఫొటో కోసం దగ్గరికి వెళ్లకండి, చప్పుడు చేసి తరమకండి. కేడీ ఆగమంటే ఆగండి, వాటిని దాటిపోనివ్వండి. మీ బంతి దాని పక్కన ఉంటే నిబంధనల్లోనే దారి ఉంది. రూల్ 16.2 ప్రకారం ప్రమాదకరమైన జంతువు దగ్గరుంటే పెనాల్టీ లేకుండా, సురక్షితమైన చోట, హోల్‌కు దగ్గర కాకుండా బంతి వేసుకోవచ్చు. కోతో కుక్కో ఆగి ఉన్న బంతిని ఎత్తుకుపోతే అది ఉన్న చోటే ఇంకో బంతి పెట్టి ఆడండి, దానికీ పెనాల్టీ లేదు. బంతి పేడ పక్కన ఆగితే ఆ పేడను బంతి కదలకుండా తీసేయొచ్చు.

తినడానికి దారిలో ఏమీ దొరక్కపోవచ్చు. మేం అరటిపళ్లు, పల్లీ చిక్కీ, ఒక డబ్బాలో పులిహోర తీసుకెళ్తాం. ఆ చలిలో 12వ హోల్ మొదట్లో పులిహోర తింటే ఉండే రుచి ఇంట్లో రాదు. తొక్కలు, కాగితాలు తిరిగి కిట్‌లోనే వేసుకురండి, అక్కడ వదిలితే దున్నలూ కోతులూ అలవాటు పడతాయి.

తిరిగి వచ్చేటప్పుడు

చివరి రౌండ్ అయ్యాక బూట్ల అడుగు మట్టిని నీళ్లతో కడిగి, లోపల న్యూస్‌పేపర్ కుక్కండి. తడి బూట్లు కిట్‌లో పెడితే బరువు పెరిగి కౌంటర్ దగ్గర డబ్బు కట్టాల్సి రావొచ్చు. మంచి కేడీ దొరికితే ఆయన పేరు, నంబర్ రాసుకుని, ఆఫీసులో కూడా ఆ పేరు చెప్పి మెచ్చుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు నంబర్ మీకు ఉపయోగపడుతుంది, ఆ మెచ్చుకోలు ఆయనకు ఉపయోగపడుతుంది.

శంషాబాద్‌లో బెల్ట్ మీద కిట్ రాగానే అక్కడే జిప్ తీసి చూడండి. ఏదైనా విరిగితే ఎయిర్‌పోర్ట్ దాటకముందే కౌంటర్‌లో రాయించాలి, ఇంటికెళ్లి చెప్తే ఒప్పించడం కష్టం. ఇల్లు చేరాక అలసటగా ఉన్నా కవర్ మూసి మూల పెట్టేయకండి. క్లబ్బులన్నీ బయటికి తీసి, గ్రిప్పులు గోరువెచ్చటి సబ్బు నీళ్లతో తుడిచి, బాల్కనీలో నీడన ఆరబెట్టండి. బ్యాగ్ జేబులన్నీ తెరిచి బోర్లించండి. మాకు ఓసారి జేబులోంచి కొడై మట్టి అంటిన పైన్ కాయ ఒకటి దొర్లింది, మా అమ్మాయి దాన్ని కడిగి బీరువా మీద పెట్టుకుంది.